దడను బస్సెక్కించిన రోజు

నాకు దయ్యం పట్టలేదు. ఎమ్మిగనూరులో మా వీధి వీధంతా వినేలా ఈ మాట అరిచి చెప్పిన రోజులున్నాయి. అప్పుడు ఎవరూ వినలేదు కాబట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను. వినని వాళ్ళలో చాలామంది కాలం చేశారు. చేసినా సరే, వాళ్ళకే చెబుతున్నాననుకోండి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్త. మాది నేతపని ఇల్లు. నడవలో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉండేవి. ఒకదాని మీద మా ఆయన, రెండోదాని మీద నేను. ఆడది రాట్నం తిప్పుకుని నూలు కండెలు చుట్టాలి గానీ గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం నేయడమేమిటని మా అత్తకు మొదటినుంచీ గుర్రు. మామ పోయాక ఆ మగ్గం ఊరికే పడి ఉంటే నేనే దిగి కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు. మూడు నెలలు తిరిగేసరికి నా బట్ట అంచు మా ఆయన బట్ట అంచు కంటే తిన్నగా వచ్చింది. ఆ మాట అన్నది ఆయనే, నేను కాదు. సరే, తర్వాత నేనూ నలుగురికీ చెప్పుకున్నాను.

అప్పటికి నా కూతురికి పది నెలలు. మగ్గం పక్కన పాత చీరతో ఉయ్యాల కట్టి, కాలి బొటనవేలికి తాడు చుట్టుకుని, నేస్తూనే ఊపేదాన్ని.

మొదటిసారి అది వచ్చిన రోజు తొక్కుడు కర్ర తాడు తెగింది. ముడి వేద్దామని గుంటలోకి వంగాను. రొమ్ములో ఒక దెబ్బ తప్పినట్టయింది. మరుక్షణం గుండె పరుగు అందుకుంది. మెల్లగా పెరగడం లేదు, ఏమీ లేదు, ఒక్కసారిగా పరుగు. గొంతు పక్కన నరం టపటపా ఎగురుతుంటే చేయి అడ్డం పెట్టి ఆపబోయాను. కళ్ళ ముందు బట్ట మసకబారింది. చెమటలు పోశాయి. ఎంతసేపో తెలియదు, ఆ పరుగు మళ్ళీ ఒక్క దెబ్బతో ఆగిపోయింది. ఆగాక నాలుగుసార్లు ఒంటేలుకు దొడ్లోకి పోవలసి వచ్చింది. ఇది చెప్పడానికి ఆ రోజుల్లో సిగ్గుపడ్డాను. సిగ్గుపడకుండా ఉంటే డాక్టరుకు తొందరగా తెలిసేదట, తర్వాత తెలిసింది.

ఊళ్ళో ఉన్న డాక్టరు దగ్గరకు పోయేసరికి నా గుండె బుద్ధిమంతురాలిలా కొట్టుకుంటోంది. ఆయన చేయి పట్టుకుని చూశాడు. నరాల నిస్సత్తువ, ఊరికే భయపడుతున్నావు అన్నాడు. ఎర్ర మందు సీసా ఇచ్చాడు. భయపడి దడ వచ్చిందా, దడ వచ్చి భయపడ్డానా? ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ మహానుభావుడికి పట్టలేదు. నాకు ఒళ్ళు మండి సీసా మందు ఒక్క గుక్క కూడా తాగలేదు, తెచ్చి తులసి మొక్కకు పోశాను. అత్త చూసి రుసరుసలాడింది.

మూడోసారి వచ్చినప్పుడు బిడ్డ నా ఒళ్ళో ఉంది. పాలు తాగుతోంది. కళ్ళు తిరిగి నేను పక్కకు ఒరిగిపోయాను, బిడ్డ జారి బండల మీద పడింది. పెదవి చిట్లి కొంచెం రక్తం వచ్చింది, అంతే. కానీ అత్త వేసిన కేకకు వీధి మొత్తం మా నడవలోకి వచ్చింది. రెండిళ్ళ అవతలి మంత్రగాణ్ణి కూడా ఎవరో పిలుచుకొచ్చారు. అతను వేపమండలు తిప్పాడు, నోట్లో ఏదో గొణిగాడు, ఉన్నట్టుండి కడవలో చల్లటి నీళ్ళు దోసిలితో తీసి ఫట్టుమని నా ముఖాన కొట్టాడు. నేను ఊపిరి బిగబట్టాను.

దడ ఆగిపోయింది.

ఒక్క దెబ్బకు! ఇంకెవరు నమ్మరు? నిజం చెప్పాలంటే ఆ పూట నేనూ నమ్మాను.

"సూస్తిరా, యెట్లా పారిపోయనో!" అన్నాడు మంత్రగాడు. "ఇది గుంట గాలి. ఆడమనిషి గుంటలోకి దిగితే సోకకుండా ఉంటాదా? మళ్ళీ వస్తాది. బిడ్డెను మాత్రం తల్లి కాడ పెట్టొద్దండి. పసిదానికి కూడా తగులుకుంటాది."

"నా కోడలి తల్లికి గూడా ఉండాదంట గదప్పా, గోనెగండ్లలో," అంది అత్త, బిడ్డను గుండెకు హత్తుకుని.

అది నిజమే. మా అమ్మకు గాలి సోకిందని గోనెగండ్లలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. నన్ను మా అవ్వ పెంచింది. అమ్మ అదే ఇంటి వెనక కొట్టంలో వేరుగా ఉండేది. అవ్వ ఆమెకు కంచం గడప దగ్గర పెట్టి వచ్చేది. నాకు ఏడాది నిండకముందే కాబోలు మమ్మల్ని వేరు చేశారు. "మీ యమ్మ దగ్గరికి పోవాకు" అంటే పోయేదాన్ని కాదు. ఆమె చేతుల మీద వాతల మచ్చలు దూరంనుంచే చూశాను.

ఆ సాయంత్రమే బిడ్డను ఎదురుగా ఉన్న మా బావగారింటికి చేర్చారు. అత్త కూడా అక్కడే మకాం. నా మగ్గం మీద గోనెపట్టా కప్పారు. నన్ను ఉరుకుంద గుడికి తీసుకుపోయి మొక్కు తీర్చారు. ఈరన్నస్వామితో నాకు పేచీ లేదు. నాకు దయ్యం పట్టిందని ఆయన ఏనాడూ అనలేదు, అన్నది మనుషులు. బిడ్డ ఏడుపు వీధి దాటి నా చెవిన పడేది. పాలు పొంగి రవిక తడిసిపోయేది. గోడకేసి పిండి పారబోసుకుంటూ ఏడ్చాను, తిట్టాను, మా ఆయన ముఖం మీద కండె విసిరాను. ఆయన ఆ కండె ఏరి బుట్టలో పెట్టాడు. ఆయన మాట్లాడే రకం కాదు.

నాలుగు రోజులకు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మళ్ళీ వచ్చింది. నేను వంటింట్లోకి పాకి, మా కుండలో నీళ్ళు మా చెంబుతో తీసుకుని నా ముఖాన నేనే కొట్టుకున్నాను. మంత్రం లేదు, వేపమండ లేదు. ఆగిపోయింది! నాకు ఎంత సంతోషం వేసిందంటే, తడిచీరతోనే వీధిలోకి పరిగెత్తి అత్తకు చెప్పాను.

"ఆ మంతరం ఇంకా నీ వొంట్లో ఉండాది గనుకనే ఆగినాది," అంది అత్త.

చూశారా? ఇటునుంచి పోయినా అటునుంచి వచ్చినా వాళ్ళదే గెలుపు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, నా బిడ్డను నా ఒళ్ళోకి తెచ్చుకునేదాకా ఊరుకోకూడదని. ఆదోనిలో ఒక డాక్టరమ్మ ఉందని, చెప్పింది పూర్తిగా వింటుందని విన్నాను. మా ఆయనతో చెప్పాను.

ఆయన అప్పుడు చేసిన పని ఇప్పటికీ మరిచిపోలేను. ఇంట్లో గడియారం లేదు. దడ ఎంతసేపు ఉంటోందో ఎట్లా చెప్పడం? మా నేతలో కొలతకు గుర్తుగా అంచులో రంగు పోగు వేసే అలవాటు ఉంది. నాకు దడ మొదలవగానే నేను చేయి ఎత్తాలి, ఆయన తన బట్ట అంచులో ఎర్ర పోగు వేసి నేస్తూ పోవాలి. ఆగగానే మళ్ళీ చేయి ఎత్తాలి, ఇంకో ఎర్ర పోగు. రెండు పోగుల మధ్య బట్ట ఎంత పెరిగిందో అంతసేపు నా దడ. ఆ పొడుగును ఒక నూలుదారానికి ముడులు వేసి కొలిచి పెట్టేవాడు. భార్య పక్కన గిలగిలలాడుతుంటే చేయి ఆపకుండా నేయడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. ఒకసారి చూస్తే ఆయన కళ్ళనుంచి నీళ్ళు బట్ట మీద పడుతున్నాయి, పోగు నేసే నాడె మాత్రం ఆగడం లేదు.

ఆ దారం పట్టుకుని ఆదోని బస్సెక్కాం. డాక్టరమ్మ కోస్తా మనిషి, నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు. నా గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఆ వేళ గుండె నిమ్మళంగా ఉంది.

"ఎలా మొదలవుతుంది? మెల్లగా పెరుగుతుందా, ఒక్కసారిగానా?" అని అడిగింది.

"ఒక్క దెబ్బకు మొదలైతాదమ్మా. ఆగేటప్పుడు గూడా అంతే."

"కొట్టుకోవడం ఎలా ఉంటుందో ఈ బల్ల మీద వేలితో కొట్టి చూపించు."

అంతవరకు నన్ను ఎవరూ అట్లా అడగలేదు. మగ్గం దెబ్బలో పుట్టి పెరిగినదాన్ని, నాకు దెబ్బ లెక్క తప్పుతుందా? ముందు మామూలు గుండె కొట్టాను. ఒక దెబ్బ వదిలేశాను. తర్వాత టకటకటకా వేలు నొప్పి పుట్టేదాకా కొట్టి, ఠక్కున ఆపాను. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి నావైపు చూసింది.

"తడబాటు లేదే. దడ మధ్యలో దెబ్బలు ఎగుడుదిగుడుగా పడతాయా, ఒకే తీరుగానా?"

"ఒకే తీరు. వడి మాత్రం శానా."

మా ఆయన మొలలోంచి దారం తీసి బల్ల మీద పెట్టాడు. ముడికీ ముడికీ మధ్య ఏమిటో నేను చెప్పాను. జానెడు నేయడానికి ఎంతసేపు పడుతుందని ఆమె అడిగితే, అరగంట అన్నాడు ఆయన. ఆ రోజంతా ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఆమె దారాన్ని చేత్తో సాగదీసి చూస్తూ, "ఇది బెత్తెడు. ఇది మూర, అంటే గంట," అని కాగితం మీద రాసుకుంది.

"నువ్వు చెప్పేది భయం జబ్బులా లేదమ్మా," అంది. "భయంతో వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. కానీ నేను నా చెవులతో వినాలి. అది ఉన్నప్పుడు రా."

అది ఉన్నప్పుడు రావాలంటే ఎట్లా? ఎమ్మిగనూరు ఎక్కడ, ఆదోని ఎక్కడ! అయినా ఇంటికి వచ్చిననాటినుంచి దానికోసం కాచుకుని కూర్చున్నాను. అదేం పొగరో, వద్దన్నన్నాళ్ళూ వచ్చింది, రమ్మంటే రాలేదు. పది రోజులు గడిచాయి. గోనెపట్టా లాగి పారేసి మగ్గం గుంటలోకి దిగాను. వంగాను, లేచాను, మళ్ళీ వంగాను. "రావే, యాడ సచ్చినావు?" అని నా గుండెను నేనే తిట్టుకున్నాను. పదకొండో రోజు పొద్దున, తాడు ముడి సరిచేయడానికి వంగినప్పుడు, వచ్చింది.

"పట్టినాది! బస్సుకు పోదాం పదండి!" అని కేక వేశాను.

కేకకు ఎదురింటినుంచి అత్త వచ్చేసింది. చంకలో నా బిడ్డ, ఇంకో చేతిలో నీళ్ళ చెంబు.

"యాడికి పోతాండావే ఈ గాలితో? కూసో, నీళ్ళు కొడ్తాను."

"నీళ్ళు కొడితివా, నేను ఊరుకోను అత్తా! ఈ పొద్దు దీన్ని ఆపేది లేదు. ఇట్లే ఆదోనికి తీసకపోతాను."

"దారిలో సస్తావే!"

"సస్తే సస్తాను. దయ్యం పట్టినదాని మాదిరి మాత్రం బతకను!"

అత్త చెంబు ఎత్తింది. మా ఆయన ఆ చెంబు అందుకుని నీళ్ళన్నీ వాకిట్లో పారబోశాడు. ఆయన తల్లికి ఎదురు నిలవడం నేను చూసింది అదే మొదలు. అత్త బిత్తరపోయింది. తర్వాత ఏమనుకుందో ఏమో, బిడ్డను సర్దుకుని, "నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మ ఏం పీకుతాదో సూస్తాను," అంటూ మా వెనకే బస్సెక్కింది.

ఆ ప్రయాణం నాకు అడుగడుగూ గుర్తుంది. ఎర్రమట్టి దుమ్ము కిటికీలోంచి ముఖాన కొడుతుంటే దగ్గు వచ్చేది. దగ్గితే ఎక్కడ ఆగిపోతుందోనని బిగబట్టబోయి, ఊపిరి బిగబట్టినా ఆగుతుందేమోనని భయపడి, నోరు తెరుచుకుని కుక్కలా రొప్పుతూ కూర్చున్నాను. గొంతులో నరం ఎగరడం ముందు సీటు ముసలామెకు కూడా కనిపించింది. "నీళ్ళు తాగు తల్లీ" అని మరచెంబు చాచింది. తల అడ్డంగా ఊపాను. మధ్యలో రొమ్ము పట్టేసినట్టయింది, కళ్ళు చీకట్లు కమ్మాయి. సంచిలో దొంగకోడిని పట్టుకుపోతున్నట్టుగా నా గుండెను రెండు చేతులా అదిమి పట్టుకుని, పోనీయకుండా కూర్చున్నాను. అది చాలా ప్రమాదమని తర్వాత డాక్టరమ్మ గట్టిగా చీవాట్లు పెట్టింది. నా మాదిరి ఎవరూ చేయకండి. నాకు అప్పుడు వేరే దారి లేదు.

ఆదోనిలో బస్సు ఆగేసరికి పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. మేం ఎక్కిన జట్కా ముందుకు కదలదు. దిగి నడిచాను. మా ఆయన రెక్క పట్టుకున్నాడు. ఆసుపత్రి వరండాలో జనం వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్ళందరినీ దాటుకుని నేరుగా లోపలికి పోయాను. ఎవరో తిట్టారు కూడా. తిట్టనీ!

"తెచ్చినానమ్మా," అన్నాను.

డాక్టరమ్మ గొట్టం పెట్టి చేతి గడియారం చూసింది. పెదవులు కదిలించి లెక్కపెట్టింది. నర్సును పిలిచి మణికట్టు దగ్గర లెక్కపెట్టమంది. ఇద్దరి లెక్కా ఒకటే వచ్చింది, నిమిషానికి నూట ఎనభైకి పైన. ఎక్కడా తాళం తప్పలేదు. అప్పుడామె తల ఎత్తి, మూలన బిడ్డతో నిలబడ్డ మా అత్తను చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"అత్తను. ఇది గాలి సేష్టమ్మా. నీళ్ళు కొడితే పోతాది."

"ఇలా రా. చెవుల్లో ఇవి పెట్టుకో."

గొట్టం అత్త చెవుల్లో పెట్టింది. అత్త కళ్ళు పెద్దవయ్యాయి. "అబ్బో, గుర్రం పరిగెత్తినట్టు ఉండాది గదే!" అంది.

"వింటూ ఉండు. నేను మంత్రం చదువుతానేమో నా నోరు కూడా చూస్తూ ఉండు."

డాక్టరమ్మ ముందు నా మెడకు రెండు పక్కలా గొట్టం పెట్టి విన్నది. మళ్ళీ అత్తకు ఇచ్చింది. రెండు వేళ్ళతో నా మెడ ఒక పక్కన నరం మీద నొక్కి రుద్దింది. రొమ్ములో ఒక పెద్ద దెబ్బ పడింది. తర్వాత నిశ్శబ్దం. తర్వాత మామూలు గుండె, ఒకటి, ఒకటి, ఒకటి.

"ఆగిపాయ!" అని అత్త అరిచింది. గొట్టం చెవుల్లోనే ఉంది. "మంతరం లేదే! నువ్వేమీ అనలేదే!"

"గుండెకు తాళం చెప్పే చోటు ఒకటి లోపలే ఉంటుందమ్మా. ఈమెకు ఒక్కోసారి ఆ తాళాన్ని కాదని గుండె తనంతట తాను పరుగు పెడుతోంది. మెడలో ఈ నరం నొక్కితే గుండెకు కళ్ళెం వేసినట్టవుతుంది. చన్నీళ్ళు ముఖాన కొట్టినా, ఊపిరి బిగబట్టి ముక్కినా కొందరికి అలాగే ఆగుతుంది. మంత్రగాడి పుణ్యం కాదు, నీళ్ళ పుణ్యం. ఈ నొక్కడం మాత్రం మీరు చేయకూడదు, డాక్టరే చేయాలి. స్పృహ తప్పినా, రొమ్ము నొప్పి వచ్చినా ఆగకుండా రావాలి. గుండె కొట్టుకోవడాన్ని కాగితం మీద గీతలుగా గీసే యంత్రం ఒకటి ఉంది, పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను. దడ లేనప్పుడు కూడా ఆ గీతలు కొంత చెబుతాయి."

"బిడ్డెను దీనికి ఇయ్యొచ్చునా అమ్మా?" అని అడిగింది అత్త. గొంతు చిన్నదైపోయింది.

"ఇవ్వకపోవడమేమిటి? దడ వస్తే నేల మీద కూర్చుని బిడ్డను పక్కన పడుకోబెట్టమను. తల్లి పాలకూ దీనికీ సంబంధం లేదు."

అత్త బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బిడ్డ ముఖం నా రొమ్ముకు ఆనించి వెతుక్కుంది. అందరి ముందూ బావురుమని ఏడ్చాను. గెలిచాను! ఎవరేమనుకుంటే నాకేం?

డాక్టరమ్మ చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "మీ పుట్టింట్లో ఇంకెవరికైనా ఇలా వస్తుందా?"

"లేదమ్మా. మా యమ్మకు దయ్యం ఉండాది గానీ..."

కలం ఆగింది. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. నాకు దయ్యం లేదని వీధులు పట్టి అరిచినదాన్ని, మా అమ్మకు లేదేమోనని ఒక్కనాడూ అనుకోలేదు. ఒక్కనాడంటే ఒక్కనాడు! నాకు తల కొట్టేసినట్టయింది.

మరునాడే బిడ్డను ఎత్తుకుని గోనెగండ్లకు పోయాను. అవ్వ గుమ్మంలోనే అడ్డం పడింది. "పసిబిడ్డెతో ఆడికి పోవాకే!" అని చేయి పట్టుకుంది. విడిపించుకుని వెనక కొట్టంలోకి పోయాను. అమ్మ నన్ను చూసి గోడకు ఒత్తుకుని కూర్చుంది.

"యెందుకొచ్చినావే? దూరం ఉండు. బిడ్డె ఉండాది."

"మా, నీకు వచ్చినప్పుడు గుండె యెట్లా కొట్టుకుంటాది? ఈ బండ మీద కొట్టి సూపీ."

అమ్మ చేయి బండ మీదికి చాచింది. వాతలు పడ్డ ఆ చేతిని ఇన్నేళ్ళలో నేను అంత దగ్గరగా చూడలేదు. వేలితో మెల్లగా బండ మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ వదిలేసింది. తర్వాత టకటకటకా, ఒకే తీరుగా, ఎక్కడా తడబాటు లేకుండా కొట్టి, ఠక్కున ఆపింది.

బిడ్డను తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"వొద్దే, వొద్దు! నాకు వస్తే? జారిపోతాది!" అని అమ్మ చేతులు పైకి ఎత్తేసింది.

"వస్తే రానీ మా. నేను పక్కనే ఉండాను, పట్టుకుంటాను. నీకు దయ్యం లేదు. నాకున్నదే నీకూ ఉండాది."

గుమ్మం దగ్గర అవ్వ ఏడుస్తూ శాపనార్థాలు పెడుతోంది. పెట్టనీ అనుకున్నాను. అమ్మ చేతులు మెల్లగా కిందికి దిగి బిడ్డ చుట్టూ చేరాయి.

"నీకు ఇంతే వయసు ఉండె," అంది అమ్మ, బిడ్డ తల నిమురుతూ. "నేను జారవిడిచినప్పుడు నీకు గూడా ఇంతే ఉండె. నీకేమీ కాలేదు, నీ మోకాలు గీసుకపాయె, అంతే. నేను సెప్పినాను. ఎవరూ ఇనలేదు."